అమ్మకు వ్రాయు మాట

తెలుగువారి నోట అమ్మ అను మాట దినమునకు ఎన్ని మారులు పలుకునో లెక్క కట్టుట సాధ్యము కాదు. తిరుపతి బస్సు స్టాండులో కండక్టరు ముసలామెను చూచి "అమ్మా, నిదానంగా దిగు" అనును. చిత్తూరు సంతలో కూరగాయలు అమ్మునామె కొనవచ్చిన పడుచును "ఏమమ్మా" అని పలుకరించును. తండ్రి తన మూడేండ్ల కూతురిని సైతము "అమ్మా, ఇట్లా రా" అని పిలుచును. కాలికి రాయి తగిలినప్పుడు తలంపు లేకయే ఆ మాట నోట వెలువడును. ఇంత విరివిగా వాడుకలో నున్న మాటను కాగితముపై పెట్టి కన్నతల్లికి పంపవలసి వచ్చినప్పుడు మాత్రము కలము ఆగిపోవును.

ఆగుటకు హేతువు ప్రేమ లేకపోవుట కాదు. నోటి మాట గాలిలో కలిసిపోవును. వ్రాసిన మాట నిలుచును. నిలిచిన మాటకు వ్రాసినవాడు జవాబుదారి కావలెను. తల్లికి శుభాకాంక్ష వ్రాయబోవు కుమారునకు, కుమార్తెకు ఈ సంగతి ఎవరును చెప్పకయే తెలియును. అందువలననే తడబాటు. ఆ తడబాటును తప్పించుటకే అచ్చు కార్డులు పుట్టినవి. మే నెల రెండవ ఆదివారమునకు ముందు అంగళ్ళలో రంగురంగుల కార్డులు వ్రేలాడును. ఇప్పుడు చేతిలోని ఫోనే ఆ అంగడి అయినది. త్యాగమూర్తి, కరుణామయి, కదలాడు దైవము అను మాటలు అందులో సిద్ధముగా నుండును. క్రింద పేరు చేర్చి పంపుటయే తరువాయి. ఒకరు పంపిన దానినే మరియొకరు తమ తల్లికి పంపుదురు. ఆ ఇద్దరు తల్లులును ఒకే వీధిలోని వారైనచో ఒకే వాక్యమును ఒకరికొకరు చూపుకొని మురిసికొనుటయు కలదు. అందులో అబద్ధము లేదు. కాని అందులో ఆ తల్లియు లేదు.

ఈ దినమును లోకమునకు ఇచ్చినామెయే ఈ అచ్చు మాటలను అందరికంటె ఎక్కువగా ద్వేషించినదనుట గమనింపదగిన విశేషము. అమెరికా దేశపు పశ్చిమ వర్జీనియా రాష్ట్రములో అన్నా జార్విస్ అను స్త్రీ కలదు. ఆమె తల్లి 1905లో మరణించినది. 1908 మే 10న గ్రాఫ్టన్ పట్టణములోని చర్చిలో ఆమె ప్రోద్బలముతో తల్లుల దినము జరిగినది. 1914లో అధ్యక్షుడు విల్సన్ మే రెండవ ఆదివారమును మాతృ దినముగా ప్రకటించినాడు. ఆంగ్లములో ఆ పేరు వ్రాయునప్పుడు అది ఏకవచనములోనే ఉండవలెనని జార్విస్ పట్టుపట్టినది. ఎవరి తల్లి వారికి ఒక్కతెయే, లోకములోని తల్లులందరికి కలిపి చెప్పు మాట ఏ ఒక్క తల్లికిని చెప్పినట్లు కాదని ఆమె భావము. పూలవారును కార్డుల వారును ఆ దినమును బేరమునకు పెట్టుటతో తానే స్థాపించిన పండుగను రద్దు చేయింపవలెనని ఆమె పోరాడినది. అచ్చు కార్డు పంపుట వ్రాయుటకు బద్ధకించినవారి పని యని ఆమె నిశ్చయము. ఆమె 1948లో ఒక ఆరోగ్యశాలలో కన్ను మూసినది. ఆమె తానుగా ఏ బిడ్డకును తల్లి కాలేదు.

అయినను సిద్ధవాక్యములు విదేశీయుల సొత్తని మనము నిందించుట న్యాయము కాదు. మన పెద్దల ఉత్తరములలోను అచ్చు కాని అచ్చు ఉండెడిది. ముత్తైదువయైన తల్లికి వ్రాయునప్పుడు "మహాలక్ష్మీ సమానురాలైన" అనియు, భర్త గతించిన తల్లికి వ్రాయునప్పుడు "గంగాభాగీరథీ సమానురాలైన" అనియు మొదలుపెట్టి, నమస్కరించి, ఉభయకుశలోపరి అని తరువాత విషయమునకు వచ్చెడివారు. ఈ పలుకులు వాకిలి వంటివి. వాకిలి దాటి లోనికి వచ్చినవాడు ఏమి మాట్లాడినాడు అన్నదే ముఖ్యము. ఇన్‌లాండు కాగితపు మూడు మడతలలో మొదటి నాలుగు పంక్తులు సంప్రదాయమునకు పోయినను, మిగిలిన చోట ఆవు ఈనినది, బావి ఊరినది, చిన్నవాడికి పండ్లు వచ్చినవి అను వార్తలుండెడివి. తల్లి వెదకునది ఆ వార్తలనే. కాని ఒక్క మాట చెప్పక తప్పదు. గంగాభాగీరథులతో పోల్చుట పైకి గౌరవమే. అయినను ప్రతి ఉత్తరములోను మొదటి పంక్తియే ఆమెకు ఆమె వైధవ్యమును గుర్తు చేసెడిది. తల్లికి వ్రాయు మాట ఆమె మగని బ్రదుకును బట్టి మారవలసిన పని ఏమి? ఆ పోలికను మానివేసిన తరము మంచి పనియే చేసినది.

పొగడ్తలోను ఇటువంటి ముల్లు కలదు. "నీకు అలసట అన్నది తెలియదమ్మా" అని వ్రాసిన కొడుకు తల్లిని మెచ్చుకొనుచున్నాననియే తలచును. కాని ఆమెకు అలసట తెలియును. నడుము నొప్పి తెలియును. అందరును తిన్న తరువాత గిన్నెలో మిగిలిన సంగటి ముద్దతో సరిపెట్టుకొనుట ఆకలి లేక కాదు. త్యాగమూర్తి యని బిరుదమిచ్చుట ఒక్కొక్కప్పుడు ఇకమీదట కూడ త్యాగమే చేయుచుండుమని ఆజ్ఞ ఇచ్చుటయే అగును. విగ్రహము కుర్చీ అడుగదు, మందు అడుగదు, నాకిది ఇష్టము లేదని అనదు. తల్లిని విగ్రహము చేసినవానికి ఆ సౌకర్యములన్నియు లభించును.

తిరుపతి వాసులకు ఈ రహస్యము ఎంతో కొంత తెలిసియున్నట్లు తోచును. తరచుగా ఆ మే నెలలోనే తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చును. శ్రీనివాసునకు చెల్లెలని ఊరు నమ్ము ఈ తల్లి యొద్దకు జనులు స్తోత్ర పాఠములతో మాత్రమే రారు. బైరాగి, బండ, తోటి మొదలగు వేషములు కట్టి వచ్చెదరు. నోటికి వచ్చిన తిట్లు తిట్టుట కూడ మ్రొక్కులో భాగమే. మీసములున్న మగవారు చీర కట్టి, పూలు ముడిచి నిలిచెదరు. బయటివారికి ఇది అపచారముగా కనబడును. కాని ఇందులో ఒక చనువు కలదు. ఆ చనువుతో పాటు ఆమె కట్టు కట్టి ఒక్క దినమైనను ఆమె వలె నిలిచి చూడవలెనను పూనిక కలదు. తల్లికి నాలుగు పంక్తులు వ్రాయబోవువాడు తిట్టనక్కరలేదు గాని, ఒక్క క్షణము ఆమె నిలిచిన చోట నిలిచి చూచుట అవసరము. వేకువన నాలుగు గంటలకు లేచుట ఎట్లుండును? తాను కన్న బిడ్డ తన ఎదుట ఫోను చూచుకొనుచు తల యెత్తకుండుట ఎట్లుండును?

బెజ్జమహాదేవి కథ ఈ సందర్భమున శరణులకు జ్ఞప్తికి రాక మానదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణములో ఆ కథ చెప్పినాడు. శివునకు చుట్టములు కలరు గాని తల్లి లేదు. తల్లి యున్నచో ఈ బిడ్డను ఇట్లు వదలి యుండునా అని ఆ ముగ్ధ చింతించినది. విషము మ్రింగుట, పాములు చుట్టుకొనుట, బిచ్చమెత్తుట, ఇవి లోకమునకు ఈశ్వర లీలలు. ఆమెకు మాత్రము అవి తల్లి లేని పిల్లవాని అవస్థలు. ఆమె స్తోత్రము చేయలేదు. లింగమును శిశువుగా భావించి, నలుగు పెట్టి, నీళ్ళు పోసి లాలించినది. ఆమెకు అమ్మవ్వ యని పేరు వచ్చినది. ఎన్నో దివ్యనామములున్న వానికి ఇంకొక నామము చేర్చుట ఆమె పని కాలేదు. అతనికి ఏమి లోపించినదో చూచినది. తల్లికి వ్రాయువాడు దీనిని తిరుగవేసి చూడవలెను. లోకమునకు గొప్పగా కనబడునది గాక, ఆమెకు ఏమి లోపించినదో, ఆ లోపము నడుమనే తనకు ఏమి ఇచ్చినదో చూచినచో మాట తనంతట దొరకును.

కారైక్కాల్ అమ్మయార్ కథలో పిలుపు ఎదుటి వైపు నుండి వచ్చినది. శేక్కిళారు పెరియపురాణములో చెప్పిన ప్రకారము ఆమె తలతో నడచి కైలాసమెక్కుచుండగా శివుడే ఆమెను అమ్మా అని పిలిచినాడు. ఆమె కోరినది అతని తాండవము చూచుచు పాడుట. అది లభించిన స్థలము తిరువాలంగాడు. ఆ ఊరు 1960 ఏప్రిల్‌లో మద్రాసు రాష్ట్రమునకు మారు వరకు చిత్తూరు జిల్లాలోనిదే. సంసారము విడిచిన స్త్రీకి, ఎముకల గూడువంటి రూపమును కోరుకొన్న స్త్రీకి దొరకిన అభినందన అంతయు ఆ ఒక్క పిలుపే. కార్డు నిండ మాటలు కూర్చువారు దీనిని తలచుకొనుట మంచిది.

కనని తల్లికి పేరు పెట్టుటలో తిరుమల పద్ధతియు చూడదగినది. శ్రీనివాసుని పెంచిన తల్లి వకుళమాత. పూర్వజన్మలో యశోదయై కృష్ణుని పెండ్లి చూడలేకపోయిన కొరత ఈ జన్మలో పద్మావతీ పరిణయముతో ఆమెకు తీరినదని పురాణము. ఆలయములో ఆమె ఉండు చోటు పోటు చెంత. నైవేద్యపు వంటను ఆమె నేటికిని చూచుకొనునని విశ్వాసము. ఆమె చేసిన పని యొద్దనే ఆమెను నిలిపినారు. తిరుపతి చెంత పేరూరు కొండపై శిథిలమై యున్న ఆమె గుడి 2022లో పునరుద్ధరింపబడినది. కొడుకు గుడికి వచ్చు జనసముద్రముతో పోల్చినచో తల్లి గుడి చాల కాలము నిర్లక్ష్యమునకు లోనైనదని చెప్పక తప్పదు.

ఇక ఈ ప్రాంతపు పిల్లవాడు ఒకడు నిజముగా వ్రాసిన ఉత్తరమును తలచుకొందము. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో జన్మించినాడు. మదనపల్లె నాడు కడప జిల్లాలోనిది; 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. తల్లి సంజీవమ్మ 1905లో, అనగా జార్విస్ తల్లి పోయిన ఏటనే, మరణించినది. పిల్లవానికి పదేండ్లు. తల్లి పోయిన తరువాత కూడ ఇంటిలో ఆమె కనబడుచుండెనని అతడు తన చిన్ననాటి జ్ఞాపకములలో వ్రాసికొన్నాడు. 1909లో తండ్రితో అడయారు చేరినాడు. బడిలో మందమతి యని పేరుపడిన పిల్లవాడు. దివ్యజ్ఞాన సమాజపు అధ్యక్షురాలు అనీబిసెంటు అతనిని చేరదీసినది. ఆ సంవత్సరము డిసెంబరులో ఆమె ఊరిలో లేనప్పుడు, అప్పుడప్పుడే నేర్చుచున్న ఆంగ్లములో అతడు ఆమెకు ఉత్తరము వ్రాసినాడు. వ్రాయునప్పుడు మిమ్ము తల్లీ యని పిలువవచ్చునా అని అందులో అడిగినాడు. ప్రేమించుటకు తనకు వేరే తల్లి ఇప్పుడు లేదని చెప్పుకొన్నాడు.

ఆ బాలుడు అడిగినాడు అన్నదే ఇందులో ముఖ్యము. తల్లీ యని పిలిచినంతనే ఆమె తల్లి కావలెనని అతడు శాసించలేదు. మనము ఎందరినో అమ్మా అని పిలిచి, వెంటనే నీళ్ళు తెమ్మందుము, పని చెప్పుదుము, ఋణమడుగుదుము. పిలుపును ఉచ్చుగా వాడుట మన అలవాటు. కన్నతల్లి కానివారిని, పిన్నమ్మనో, వదినెనో, అత్తగారినో, చదువు చెప్పినామెనో, తల్లిగా సంబోధించి వ్రాయువాడు ఆ పిలుపునకు ఆమె అంగీకరించుటకు చోటు విడువవలెను. నిరాకరించుటకును చోటు విడువవలెను. బిడ్డలు లేని స్త్రీకి ఆ పిలుపు చల్లగా తగులవచ్చును; గాయముపై తగులవచ్చును. ఏది అగునో తెలిసినంత దగ్గరగా ఆమెను ఎరిగినవాడే వ్రాయుటకు అర్హుడు.

ఆ ఉత్తరమునకు మరియొక ముఖము కూడ ఉన్నది. ఆ పిల్లవానికి తండ్రి బ్రదికియున్నాడు. 1910లో బిడ్డల సంరక్షణను తానే అప్పగించిన తండ్రి, 1912లో వారిని తిరిగి ఇమ్మని వ్యాజ్యము వేసినాడు. 1913లో తీర్పు అతనికి అనుకూలముగా వచ్చినది. 1914లో లండనులోని ప్రీవీ కౌన్సిలు దానిని త్రోసివేసినది. ఒక పిలుపు ఒకరిని చేరదీయునప్పుడే మరియొకరికి దూరమును కలిగింపవచ్చును. సవతితల్లికి ప్రేమతో వ్రాసిన బిడ్డ, కన్నతల్లి తరపువారి ఎదుట తల దించుకొనవలసి వచ్చుటయు ఇటువంటిదే. బిడ్డది తప్పు కాదు. అయినను ఆ నొప్పి లేనట్లు నటించుట కూడ సరి కాదు.

ఇరువది యేండ్లు గడచినవి. ఆ బాలుని జగద్గురువుగా నిలుపవలెనని ఆ తల్లి తన ప్రతిష్ఠనంతయు ఒడ్డినది. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో, మూడు వేలకు పైగా అనుచరుల ఎదుట, ఎనుబది దాటిన ఆమె చూచుచుండగా, అతడు ఆ సంఘమును రద్దు చేసినాడు. తనకై ఆమె కట్టిన పీఠమును కాదన్నాడు. కాని ఆమెను తల్లీ యని సంబోధించుట మానలేదు. 1933లో ఆమె మరణించు వరకు ఆ ఆప్యాయత తొలగలేదు. తల్లికి ప్రేమతో వ్రాయుట అనగా ఆమె చెప్పిన దానికెల్ల తలయూపుట యని భావించువారు ఈ ఘట్టమును పరిశీలింపవలెను. బసవేశ్వరుడును ఉపనయనమును నిరాకరించి, అక్క నాగాంబతో కలిసి పుట్టినిల్లు వీడినవాడే. కొన్ని సందర్భములలో నిజము చెప్పుటయే తల్లిపట్ల గౌరవము. "నీవు కోరిన చదువు నేను చదువలేదు, నీవు కోరిన సంబంధము చేసికొనలేదు, అయినను మూడు నెలలు నాతో మాట్లాడని కాలములో సైతము పండుగకు నా పాలు సున్నుండలు దాచితివి" అని వ్రాయగలిగిన కూతురు అబద్ధమాడలేదు, క్షమాపణ నటించలేదు.

తల్లి ప్రేమ ఎరుగని బిడ్డల మాట ఏమి? ఇది అడుగుటకు జంకెడు ప్రశ్న. కొట్టిన తల్లి ఉండవచ్చును. కొడుకులను ఒక తీరుగా, కూతురిని మరియొక తీరుగా చూచిన తల్లి ఉండవచ్చును. లోకమంతయు కరుణామయి యని వ్రాయుచున్న దినమున ఆ బిడ్డ ఏమి వ్రాయవలెను? నుడికిని నడకకును పొత్తు లేనిచో దేవుడు మెచ్చడన్నది బసవని బోధలోని ముఖ్యాంశము. మాట వ్రాసినవాని నడకతోనే గాక, జరిగిన దానితోను పొసగవలెను. ఆ బిడ్డ లేని కరుణను కల్పింపనక్కరలేదు. జరిగినది ఒక్కటి, నిజమైనది ఒక్కటి దొరికినచో దానిని వ్రాయవచ్చును. జ్వరము వచ్చిననాడు నుదుటిపై వేసిన తడిగుడ్డ చాలును. అదియు లేనిచో ఆరోగ్యము విచారించి, మందులకు డబ్బు పంపి ఊరకుండుట దోషము కాదు. అట్టి మౌనము అచ్చు కార్డుకంటె నిజాయతీ గలది.

రాయలసీమ దక్షిణ భాగమునుండియు కడప వైపునుండియు ఎందరో స్త్రీలు కువైటునకు ఇంటిపనులకై వెళ్ళుచున్నారు. పిల్లలను అవ్వ యొద్ద విడిచెదరు. పరుల బిడ్డలకు నీళ్ళు పోసి, అన్నము పెట్టి, ఆ జీతముతో తమ బిడ్డలకు బడి రుసుము పంపెదరు. ఇచ్చట అవ్వ జడ వేయును, వల్లె వేయించును, రాత్రి ఏడ్చిన వానిని వీపుపై మోయును. ఈ ఇంటి బిడ్డకు బడిలో అమ్మకు శుభాకాంక్ష వ్రాయుమని చెప్పినచో ఎవరికి వ్రాయవలెను? డబ్బు పంపునామెకా, అన్నము పెట్టునామెకా? ఒకరికి వ్రాసి మరియొకరికి వ్రాయకపోయినచో ఒక ప్రేమ దొంగిలింపబడినట్లు అగును. ఇద్దరికిని ఒకే మాట వ్రాసినచో ఇద్దరికిని వ్రాయనట్లే. అవ్వకు వ్రాయవలసినది చేతి స్పర్శను గూర్చి. తల్లికి వ్రాయవలసినది ఆ స్పర్శ లేకుండ ఆమె గడపుచున్న కాలమును గూర్చి. "నీవు పంపిన బూట్లు ఇరుకైనవి, అయినను ఒక దినము తొడిగితిని" అను ఒక్క వాక్యములో ఆ తల్లికి తన బిడ్డ పాదము పెరిగిన కొలత తెలియును. ఆమె దేనికి ఏడ్చునో బిడ్డకు తెలియదు. తెలియవలసిన పని కూడ లేదు.

ఈ అవ్వలలో చదువు రానివారు చాలమంది. వారికి వ్రాసినది వారు చదువరు. పక్కింటి పిల్లవాడో, పోస్టు తెచ్చినవాడో చదివి వినిపించును. కనుక అట్టివారికి వ్రాయు మాట నలుగురి ఎదుట చదువుటకు తగినదిగా నుండవలెను. వ్యాకరణము కంటె ఊపిరి ముఖ్యము. ఒక్క గుక్కలో చదువగల వాక్యము, ఆ ఇంటి గిన్నెల పేర్లు, గొడ్డు పేరు, ఆమె తిట్టు తిట్టు కూడ అందులో ఉండవలెను. సంస్కృత సమాసము వచ్చిన చోట చదువు పిల్లవాడు తడబడును. అవ్వ ఏమీ అర్థము కాకయే తల యూపును. ఆమె సంగతి వచ్చిన చోట మాత్రము చేయెత్తి ఆపి, "ఆ ముక్క ఇంకోసారి చదువు నాయనా" అని అడుగును.